మెడకు అల్లిన పీచు

పెళ్లయిన తొలి చలికాలం. మంచిర్యాల దగ్గర బొగ్గుబాయి కాలనీలో ఉండేవాళ్లం. పొద్దుటి షిఫ్టుకు చలిలో వెళ్లే మా ఆయన కోసం, పక్కింటి అక్క దగ్గర నేర్చుకుని ఊలు మఫ్లర్ అల్లాను. ఒక కుట్టు సీదా, ఒక కుట్టు ఉల్టా, పై వరుసలో తారుమారు. అంతా గింజలు గింజలుగా, గరుకుగా వచ్చింది. ఆయనకు కనబడాలని తువ్వాలు పక్కన పెట్టాను.

షిఫ్టు దిగి వచ్చి, రెండూ పట్టుకుని స్నానానికి వెళ్లారు. అక్క నా పక్కన ఉండగానే, నల్లటి నురగ కారుతున్న మఫ్లర్‌ను పిండుతూ బయటికొచ్చారు.

"గీ పీచు మంచిగున్నదే. వీపు మీది బొగ్గంత పోయింది."

"అది మెడకు" అన్నాను.

"గట్లయితే ముందుగాలనే చెప్పాలె గద" అంటూ దండెం మీద ఆరేశారు. అక్క నవ్వింది.

మరుసటి చలికాలం ఆయనే అడిగారు. "పాతది మెత్తబడ్డది, ఇంకోటి అల్లు."

అల్లిచ్చాను. ఈసారి మెడ చుట్టూ రానంత పొట్టిగా.