డోర్న్‌ఫెల్స్ కోట నేలమాళిగలో చెట్టు

ఒట్టీలియా టీచరు గురించి చెప్పమంటే నాకు ముందు కోపమొస్తుంది. మా ఊరి కోటను ఇప్పుడు హోటలు చేశారు. గుమ్మం పక్కన ఫలకం పెట్టారు. కట్టించిన దొర పేరుంది, వేటకొచ్చి రెండు పూటలు తిని పోయిన రాజుగారి పేరుంది, మరమ్మతు చేయించిన కంపెనీ పేరైతే అందరికన్నా పెద్ద అక్షరాల్లో ఉంది. ఆమె పేరు మాత్రం లేదు. ఆమె లేకపోతే ఆ ఫలకం కొట్టుకోవడానికి గోడే ఉండేది కాదు.

దొరలున్నన్నాళ్లూ మా ఊళ్లో ఎవరూ ఆ కోట గడప తొక్కలేదు. రెండో ప్రపంచయుద్ధంలో దాన్ని సిపాయిల ఆస్పత్రి చేశారు. యుద్ధం ఓడిపోయాక దొర పడమటికి పారిపోయాడు. తూర్పున ఇళ్లు వాకిళ్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లను ఆ గదుల్లోకి తోశారు. ఆ తూర్పుసీమ సైలీషియా నుంచి తల్లిని తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని నడిచొచ్చిన ఒట్టీలియాకు, ఒకప్పుడు దొరసాని బట్టలు దాచుకున్న గది దక్కింది. తల్లికి నడుం కింద చచ్చుబడింది. వాళ్లు వెంట తెచ్చుకున్న ఆస్తి ఒక్కటే, పెద్దబాతు ఈకలు కూరిన బొంత.

మా ఊరివాళ్లు వాళ్లను చూసి మూతులు తిప్పారు. మనకే తిండికి లేదు, వీళ్లొకరు మూలిగే నక్క మీద తాటిపండులా వచ్చిపడ్డారన్నారు. కానీ ఊరి బడి ఫిరంగి దెబ్బకు కాలిపోయింది, పాత మేష్టారు యుద్ధం నుంచి తిరిగి రాలేదు. సారాకొట్టు వెనక డాన్సుల హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టి చదువు చెప్పడానికి ఆమే దిక్కయింది.

నలభై ఎనిమిదో సంవత్సరం వేసవిలో పైనుంచి, కొత్త సర్కారు ఆజ్ఞ వచ్చింది. దొరల కోటలు పడగొట్టండి, ఆ రాళ్లతో కొత్త రైతులు ఇళ్లు కట్టుకోండి అని. మా నాన్న ఆర్న్‌ఫ్రీడ్ అలాంటి కొత్త రైతే. దొర భూమి పంచినప్పుడు మాకూ ఓ ముక్క వచ్చింది గానీ ఇల్లు లేదు. గొర్రెల కొట్టంలో ఉండేవాళ్లం. మాకూ ఆవుకూ మధ్య అడ్డం ఒక గోనెపట్టా. కూల్చివేత కమిటీకి నాన్నే పెద్ద. కోటను బడిగానో ఆస్పత్రిగానో వాడుకుంటామని కమిటీ చెబితే కూల్చకుండా వదిలేయొచ్చు. ఆ మాట చెప్పాల్సింది నాన్న. ఒట్టీలియా అదే అడగడానికి మా కొట్టానికి వచ్చింది.

“ఆర్న్‌ఫ్రీడ్ గారూ, బడి పెట్టుకుందామండీ. పిల్లలు సారా కంపులో ఎక్కాలు చదువుతున్నారు.”

“నా పెళ్లాం పేడ కంపులో వంట చేస్తోంది పంతులమ్మా. కళ్లారా చూడు. నాకు రాళ్లు కావాలి.”

“చూశాను. మరి మా అమ్మను ఎక్కడికి మొయ్యమంటారు?”

“తోపుడుబండి ఉందిగా!”

అమ్మ చేతిలో గరిటె పొయ్యి మీద టంగుమని మోగింది. “నోరా అది? తాటిమట్టా?” అంది. నాన్న బయటికి వెళ్లిపోయాడు. ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది.

మా వైపు పిల్లలు మొదటిరోజు బడికెళ్తే చేతికి పెద్ద కాగితపు పొట్లం ఇస్తారు, ఇంచుమించు పిల్లంత ఎత్తు. నిండా మిఠాయిలు. అవి బడి నేలమాళిగలో ఒక చెట్టుకు కాస్తాయని, పండితే నువ్వు బడికి వెళ్లేంత పెద్దయినట్టేనని పిల్లలకు చెప్తారు. దేవుడి గురించి మా ఊళ్లో ఇంటికో మాట గానీ, చెట్టు గురించి అందరిదీ ఒకే మాట. పిల్లల ముందు ఆ అబద్ధాన్ని విప్పిన పెద్దవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

నేను ఆ ఏడాది బడిలో చేరాలి. బడి కాలిపోయింది కదా, మరి చెట్టెక్కడని నాన్ననడిగితే, “ఉంటుందిలే, చెట్టుకేం రోగం?” అన్నాడు. ఒట్టీలియానడిగాం. వాళ్ల ఊళ్లో పొట్లం చేతిలో పెట్టడమే గానీ చెట్టు కథ లేదు. మా బిక్కమొహాలు చూసి, “కోట నేలమాళిగలో పెరుగుతోందిగా!” అనేసింది. కావాలనే అందని ఊరు తరవాత గుసగుసలాడింది. నేను నమ్మను. ఏడవబోయే పిల్లల్ని ఊరుకోబెట్టడానికి అన్న మాట అది.

కూల్చే రోజు రానే వచ్చింది. గోడలకు కన్నాలు తొలిచి మందుగుండు కూరారు. కోటలోవాళ్లు మూటలతో దిగొచ్చారు. ముసలమ్మను బొంతతో సహా మోసుకొచ్చి తోపుడుబండిలో కూర్చోబెట్టారు. ఆమె తన గది కిటికీ వంకే చూస్తూ కూర్చుందట. ఊరంతా తాడు అవతల నిలబడింది. నాన్న మందు పేల్చే మీట మీద చెయ్యి వేశాడు.

ఒట్టీలియా అలవాటు కొద్దీ పిల్లల తలలు లెక్కపెట్టుకుంది.

“ట్రౌడెల్ ఏది?”

ట్రౌడెల్ అంటే నేనే.

“ఇంటి దగ్గరుంటుంది,” అన్నాడు నాన్న.

“ఇక్కడికే వస్తానని పొద్దున్నే బయల్దేరిందయ్యా!” అని అమ్మ కేకపెట్టింది.

ఒట్టీలియా తాడు కింద నుంచి దూరి కోటలోకి పరుగెత్తింది. “పంతులమ్మా, ఆగు! మందుంది!” అని అరుస్తూ నాన్న మీట వదిలేసి వెనకాలే పరుగెత్తాడు.

నేను నేలమాళిగలోనే ఉన్నాను. బొగ్గు గుట్ట పక్కన, విరిగిన ఆస్పత్రి మంచాల మధ్య, పాలక్యానుతో నేల మీద నీళ్లు పోస్తున్నాను. చెట్టు కనిపించలేదు. ఎండిపోయిందేమోనని నా భయం. ఇద్దరూ రొప్పుతూ మెట్లు దిగి నిలబడ్డారు. నాన్న మొహం సున్నంలా ఉంది.

“నాన్నా, ఇంకా మొలవలేదు,” అన్నాను. “మీరిది కూల్చేస్తే ఎక్కడ మొలుస్తుంది?”

చెట్టూ లేదు, పుట్టా లేదు, పైకి రా అని నాన్న అంటే సరిపోయేది. పైన ఇంటికి కావాల్సిన రాళ్లు సిద్ధంగా ఉన్నాయి. ఒట్టీలియా ఆయన మొహమే చూస్తోంది.

“కూల్చం,” అన్నాడు నాన్న చివరికి. “గుర్రపుసాల రాళ్లు మాత్రం తీసుకుంటాం.”

నన్ను ఎత్తుకుని మెట్లెక్కుతూ ఆమెతో పళ్లు బిగించి అన్నాడు. “బడి తెరిచే రోజుకి ఇక్కడ చెట్టుండాలి. నా బిడ్డ ముందు నన్ను అబద్ధాలకోరును చేశావో, గోడల్లో మందు ఇంకా తియ్యలేదు, గుర్తుంచుకో.”

చక్కెర కళ్లతో చూసి ఎన్నాళ్లయిందో తెలియని కాలం అది. ఆ రెండు వారాలూ ఆమె ఇల్లిల్లూ తిరిగిందని విన్నాను. ఎవరూ ఊరికే చిటికెడు పెట్టలేదు. కానీ బడి తెరిచే రోజు మేం కిందికి దిగేసరికి నేలమాళిగ కప్పుకు బర్చి చెట్టు కొమ్మ వేలాడుతోంది, దాని నిండా పొట్లాలు. అడుగున గడ్డి కుక్కి ఉన్నా, పైన బీటుదుంప పాకంతో చేసిన బిళ్లలున్నాయి. నాన్న మెట్ల మీద నిలబడి కొమ్మను ఎగాదిగా చూశాడు. పైకెళ్లి, గోడల్లోంచి మందు తీయించాడు.

ఆ చలికాలం ముసలమ్మ చనిపోయింది, తన గదిలో, తన మంచం మీద. శవపేటిక మొయ్యడానికి నాన్న వెళ్లాడు. మంచం మీద గోనెసంచులు తప్ప ఏం లేవట.

“బొంతేది పంతులమ్మా?”

“పాకానికి ఇచ్చేశానండీ.”

మా ఊళ్లో ఆ రోజుల్లో బీటుదుంపలు పండించి పాకం కాచింది మేమొక్కళ్లమే. నాన్న ఇంటికొచ్చి, నా మీదున్న బొంత కేసి చూశాడు. “ఇది ఎక్కడిదే?” అన్నాడు అమ్మతో.

“పాకం కోసం పంతులమ్మే తెచ్చింది. నువ్వడగలేదు, నేను చెప్పలేదు,” అంది అమ్మ తలెత్తకుండా.

నాన్న బొంత నా మీంచి లాగి, భుజాన వేసుకుని, మంచులో కోటకు నడిచాడు. నేను ఏడుస్తూ వెంటపడ్డాను. ఒట్టీలియా దాన్ని ఒకసారి చేత్తో నిమిరి, నా చుట్టూ కప్పేసింది.

“మా అమ్మే ఇచ్చెయ్యమంది. తలమీద నీడుంటే చాలు, ఒంటిమీద ఏదున్నా ఒకటే అంది. తీసుకెళ్లండి, పిల్ల వణుకుతోంది.”

నాన్న ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు, అదే ఆఖరు.

గుర్రపుసాల రాళ్లు మా కొత్తింటి సగం గోడలకే వచ్చాయి. మిగతాది మట్టి ఇటుకలతో కట్టాం. పడమటి గోడ ఆ ఇల్లున్నన్నాళ్లూ పొట్ట ఉబ్బించుకునే ఉంది. ఒట్టీలియా రిటైరయ్యేదాకా ఏటా కొమ్మ కట్టింది. తరవాత పిల్లలు తగ్గి బడి మూతపడింది, కోటను అమ్మేశారు. నేలమాళిగలో ఇప్పుడు డబ్బున్నవాళ్లు ఆవిరి స్నానాలు చేస్తున్నారు.

ఆఖరి రోజుల్లో ఆమె వృద్ధాశ్రమంలో ఉండేది. ఎన్ని కప్పినా చలి చలి అంటోందని తెలిసి బొంత తీసుకెళ్లాను. కళ్లు కనిపించడం లేదు, చేత్తో తడిమి గుర్తుపట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

“అమ్మ వాసన పోయింది ట్రౌడెల్,” అంది. “నీ వాసనే వస్తోంది.”

తప్పు చేసినదానిలా నిలబడ్డాను. ఆమె మాత్రం బొంతను గడ్డం దాకా లాక్కుని, “వెచ్చగా ఉంది,” అంది.