బూహమ్రూన్‌కి టీ

సెఫ్రూ ఊళ్లో తట్టుని తట్టు అనరు. పిల్లాడి ఒళ్లు ఎర్రగా పేలగానే "బూహమ్రూన్ వచ్చాడు" అంటారు. ఎర్రదనానికి తండ్రి, ఎర్రయ్య అన్నమాట. పేరు పెట్టిన మహాతల్లి ఎవరో గానీ, జబ్బును మనిషిని చేసి ఇంట్లో కూర్చోబెట్టింది. వచ్చినవాడు చుట్టం. కోపమొస్తే పిల్లాణ్ణి వెంటబెట్టుకుపోతాడు. అందుకని కిటికీకి ఎర్రగుడ్డ, పిల్లాడికి ఎర్రచొక్కా. ఎర్రబట్ట కట్టనివాళ్లను గడప తొక్కనివ్వరు. అంతవరకూ బాగానే ఉంది. చుక్క నీళ్లు కూడా ఇవ్వరు, అదీ ఘోరం! తడి తగిలితే ఎర్రయ్య లోపలికి దిగిపోతాడట.

హెన్నియా ఆ ఊరి ఆడవాళ్ల స్నానశాలలో ఒళ్లు రుద్దే మనిషి. ఆమె ఒక్కగానొక్క కూతురు నాలుగేళ్లప్పుడు "నీళ్లు, నీళ్లు" అంటూనే ఆ ఎర్రగుడ్డ వెనకాల పోయింది. పెద్దవాళ్లకు ఎదురుచెప్పే ధైర్యం అప్పటికి హెన్నియాకు లేదు. ఆ తర్వాత మాత్రం ఆమె నోటికి ఊరంతా హడలిపోయేది.

ఒకరోజు పక్కసందులోని ఇత్తో ఏడుస్తూ స్నానశాలకు పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, మా బాబు అల్లాల్‌కి ఎర్రయ్య వచ్చి నాలుగో రోజు. పెదాలు పగిలిపోయాయి. ఏడుస్తున్నాడు గానీ కన్నీళ్లు రావట్లేదు. మా అత్త గ్లాసు ముట్టుకోనివ్వట్లేదు."

హెన్నియా చేతిలో పని అక్కడే పడేసి, ఎవరిదో ఎర్ర శాలువా లాక్కుని కప్పుకుని బయల్దేరింది.

గుమ్మంలో ఇత్తో అత్తగారు ఫాద్మా అడ్డంగా నిలబడింది. ఆ సందుకంతటికీ ఆవిడ మాటే శాసనం.

"నీళ్ల మాటెత్తావో, కాళ్లు విరగ్గొడతా!"

"పిల్లాడికి కాదత్తా, చుట్టానికి. ఆయన్ని బూహమ్రూన్ అని ఎందుకంటారు?"

"ఎర్రగా వస్తాడు గనక. పెద్దమనిషి. మర్యాదగా పిలిస్తే మర్యాదగా పోతాడు."

"మరి ఆ పెద్దమనిషి వచ్చి నాలుగు రోజులైంది, ఒక్క గ్లాసు టీ అయినా పోశావా? దారినపోయే గాడిదలవాడికైనా ముందు టీ పోసి, ఆ తర్వాత పేరడుగుతామే! ఫాద్మా ఇంట్లో చుట్టం గొంతెండి వెళ్లిపోయాడని ఊరంతా చెప్పనా?"

ఫాద్మా మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ కొడుతుందంటారు, తిడుతుందంటారు, కానీ ఆ ఇంటికి పిసినారి అన్న మాట ఇంతవరకూ రాలేదు.

"ఇత్తో! గుడ్లప్పగించి చూస్తావేమే? పొయ్యి వెలిగించు!"

పుదీనా వేసి, పల్చగా, తియ్యగా, గోరువెచ్చగా చేసిన టీ. మొదటి చెంచా పెదవి చివర నుంచి కారిపోయింది. ఇత్తో గొల్లుమంది. రెండోది గొంతు దిగింది. హెన్నియా పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా చెంచా చెంచా పోస్తూనే ఉంది. "చుట్టానికి ఉక్కపోయదా?" అంటూ కిటికీ కూడా తెరిపించింది. మూడోనాడు అల్లాల్ లేచి కూర్చుని రొట్టె, ఆలివ్ నూనె అడిగాడు. హెన్నియా వీధిలోకి వచ్చి, అక్కడి పెళ్లిళ్లలో ఆడవాళ్లు చేసినట్టు నాలుక ఆడిస్తూ కూత పెట్టింది. సందులోని ఆడవాళ్లంతా డాబాలెక్కి అందుకున్నారు.

మరుసటి చలికాలం ఎర్రయ్య తొమ్మిది ఇళ్లకు వచ్చాడు. ఫాద్మా తొమ్మిదిళ్లకూ తనే కెటిల్ పట్టుకుపోయింది.

"చుట్టం గొంతు ఎండబెడతారా సిగ్గులేనివాళ్లు! ఇది మా తాతల నాటి పద్ధతి!" అని స్నానశాలలో చేతులూపుతూ చెప్పింది.

"అవునవును, తాతల నాటిదే" అంటూ హెన్నియా ఆవిడ వీపు ఇంకాస్త గట్టిగా రుద్దింది.

"ఏయ్! తోలు ఊడొస్తోందే!"

ఎవరి పద్ధతయితేనేం? ఆ ఏడు ఆ సందు ఒక్క బిడ్డను కూడా మట్టికివ్వలేదు.