అద్దం కింద మసక

శుభ్రం పిన్నికి ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదు గానీ, పెట్టినవాళ్ళ నోట్లో పంచదార పోయాలి. ఇంటి ముందుగదిలో ఆవిడది పాత ఫోటోలు స్కాన్ చేసి ప్రింట్లు తీసిచ్చే చిన్న షాపు. అందులోకి రావాలంటే చెప్పులే కాదు, వీలైతే కాళ్ళు కూడా బయటే విప్పి రావాలని వీధిలోవాళ్ళ ఎగతాళి. కూర్చున్న మనిషి లేచాడో లేదో, ఆవిడ కుర్చీ తుడిచేస్తుంది. పాపం, ఆ మనిషి మొహం చిన్నబోతుంది. పిన్నికి మాత్రం చీమ కుట్టినట్టైనా ఉండదు.

ఇక స్కానర్ సంగతి చెప్పేదేముంది. ప్రతి ఫోటోకీ ముందోసారి, వెనకోసారి అద్దం మీద బుస్సుబుస్సుమని అద్దాలు తుడిచే మందు కొట్టి, మెత్తటి గుడ్డతో మెరిసిపోయేదాకా తుడుస్తుంది. "ఆ అద్దం నీకేం అన్యాయం చేసిందమ్మాయ్?" అని లోపల్నుంచి అత్తగారు అంటూనే ఉంటుంది.

ఆ అత్తగారికే ఇప్పుడు ఆ స్కానర్‌తో అవసరం పడింది. వేరే ఊళ్ళో ఉన్న వాళ్ళక్కకి చూపు తగ్గిపోతోంది. పెద్ద పెద్దవి తప్ప ఆనడం లేదు, అవైనా ఎన్నాళ్ళో డాక్టరు చెప్పలేకపోయాడు. మొన్న ఫోన్ చేసి, "చిన్నప్పుడు మనిద్దరం దిగిన ఫోటో నీ దగ్గరుందిగా, పెద్దది చేయించి పట్రావే, చూపుండగానే ఒక్కసారి చూసుకుంటాను" అంది. ఆదివారం ప్రయాణం. అత్తగారు పెట్టె అడుగు నుంచి అరచేతంత ఫోటో తీసి కోడలి చేతిలో పెట్టింది. బల్ల మీద ఇద్దరాడపిల్లలు. పెద్దది బుద్ధిగా కూర్చుంది. చిన్నదాని మొహంలో అప్పుడే ఏడుపు ఆపిన వాలకం.

"అదెంత పని అత్తయ్యా" అంది పిన్ని.

అన్నంత తేలిగ్గా అయితే ఇంకేం. స్కాన్ చేసి చూస్తే సరిగ్గా పెద్దపిల్ల మొహం మీద బూడిదరంగు మసక. పిన్ని అద్దం తుడిచింది. మసక పోలేదు. ఇంకాస్త మందు కొట్టి తుడిచింది. మసక ఇంకాస్త పెరిగింది.

"కళ్ళే మసకగా ఉన్నదానికి మసక ఫోటో పట్టుకెళ్తే ఏం లాభం?" అంది అత్తగారు. ఆవిడ గొంతు వణకడం పిన్ని అదే మొదటిసారి వినడం.

కంగారుపడితే పనవుతుందా? పిన్ని ఫోటోని తలకిందులుగా పెట్టి మళ్ళీ స్కాన్ చేసింది. మసక పెద్దపిల్ల మొహం వదిలి కాళ్ళ మీదికొచ్చింది. అంటే తప్పు ఫోటోది కాదు. అసలేమీ పెట్టకుండా నల్లకాగితం కప్పి చేసింది. మసక ఉన్నచోటే ఉంది. టార్చిలైటు ఏటవాలుగా వేసి చూస్తే అద్దం మీద మబ్బులాంటి మరక కనిపించింది. వేలితో రుద్దితే వేలికి తగల్లేదు. అది అద్దం కిందవైపు ఉంది.

అప్పుడు అర్థమైంది పిన్నికి. ఇన్నాళ్ళూ తను కొట్టిన మందంతా అంచుల్లోంచి కారి, అద్దం అడుగున చేరి ఆరిపోయింది. ఊళ్ళో దుమ్ముకొట్టుకున్న స్కానర్లన్నీ బాగానే పనిచేస్తుంటే, రోజంతా తుడిచిందానికి మురికి పట్టింది. ఒళ్ళు మండిపోయింది, కాకపోతే ఎవరి మీద మండాలో తెలీలేదు.

"చెప్తే విన్నావా" అందామని నోరు తెరిచిన అత్తగారు, కోడలి మొహం చూసి నోరు మూసుకుని టీ పెట్టుకొచ్చింది.

పిన్ని ప్లగ్గు పీకి, మరలు విప్పి, అద్దం పైకెత్తి, అడుగువైపు మెత్తటి గుడ్డతో ఓపిగ్గా తుడిచింది. ఈసారి మందు గుడ్డకే రాసింది, అద్దం మీద నేరుగా చుక్క కూడా పడనివ్వలేదు. అన్నీ ఆరాక బిగించి స్కాన్ చేస్తే, ఆహా, పిల్లల జడల్లో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ప్రింటు తీసి గర్వంగా అత్తగారి ముందు పెట్టింది.

అత్తగారు చాలాసేపు చూసింది. "బాగుందమ్మాయ్. కానీ ఇది మా అక్క కాదు."

"మీ అక్క కాకపోతే మా అక్కా?"

"మా అక్కకి గడ్డం మీద మచ్చుండేది. ఇదెవరో మచ్చలేని పిల్ల."

పిన్ని పాత ఫోటో తెచ్చి పక్కన పెట్టి చూసింది. మచ్చ ఉంది, ఆవగింజంత. స్కానర్లో దుమ్ము మరకలు దానంతటదే తీసేసే సదుపాయం ఒకటుంది. పిన్ని దాన్ని కొన్ననాటి నుంచీ ఆపిన పాపాన పోలేదు. అది మచ్చని కూడా దుమ్మే అనుకుని ఊడ్చేసింది. ఇన్నేళ్ళలో ఇలా ఎందరి మచ్చలు ఊడ్చేశానో అని తలుచుకుంటే పిన్నికి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

ఆ సదుపాయం ఆపేసి మళ్ళీ స్కాన్ చేసింది. మచ్చ వచ్చింది. దానితోపాటు అరవై ఏళ్ళ దుమ్మూ దిగింది. ఇలాంటిది తన షాపు నుంచి బయటికెళ్తే తలెత్తుకు తిరగలేనని, ఒక్కో చుక్కా చేత్తో చెరపడానికి కూర్చుంది. ఏది దుమ్మో ఏది మనిషో చెప్పడానికి అత్తగారు కుర్చీ లాక్కుంది.

"ఇది దుమ్ము. తీసెయ్. ఇదీ తీసెయ్. ఆగాగు, కనుబొమ్మ మీద గీత ముట్టుకోకు. నేను మెట్ల మీంచి తోసినప్పుడు తగిలింది."

"మీరు తోశారా?"

"నా రిబ్బను ఇవ్వలేదు మరి. ఇంట్లో మాత్రం కాలు జారి పడ్డానని చెప్పింది. నన్ను ఎప్పుడూ పట్టివ్వలేదమ్మాయ్."

ఇన్నేళ్ళ కాపురంలో అత్తగారు ఇంత మాట్లాడటం పిన్ని ఎరగదు. కావాలనే నెమ్మదిగా చెరిపింది.

ఆదివారం అక్కగారింట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి ప్రింటు చేతికిచ్చారు. ఆవిడ దాన్ని ముక్కుకి ఆనించుకుని ఓ మూల నుంచి మెల్లగా జరుపుకుంటూ పోయింది. తన మొహం వచ్చింది, ఆగకుండా దాటేసింది. చెల్లెలి మొహం దగ్గర ఆగిపోయింది.

"నీ మచ్చ చూశావా అక్కా? దానికోసం కోడల్ని చంపుకు తిన్నాను."

"నా మచ్చ నాకెందుకే" అంది అక్క, ప్రింటు దించకుండా. "నీ మొహం మర్చిపోతానేమోనని హడలి చస్తున్నాను. కాసేపు చూడనీ."

పిన్ని కిటికీ తెర పూర్తిగా పక్కకి లాగింది. కాసేపటికి అక్క ప్రింటు ఒళ్ళో పెట్టుకుని, "ఏదీ, ఇప్పుడు నువ్వు రా. ఎంత మారావో చూస్తాను" అంటూ చెల్లెలి మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, ఫోటోని పట్టుకున్నంత దగ్గరగా పట్టుకుంది.