మొదలుకు కోసిన జాలారి

కామసముద్రం బోడిగుట్ట మీద తొలి జాలారి మొక్కను మూడు వేసవులు బిందెనీళ్లు మోసి బతికించినవాడు మునెప్ప. అక్కడ అడవి లేస్తే, చెట్లను కొలిచి, గాలిని బాగుచేసినందుకు ఒక కంపెనీ ఊరికి డబ్బిస్తుందన్నారు. ఆ మాట నమ్మి తన గొర్రెలు మేసే ఆ గుట్ట బీడుకు తానే ముళ్లకంచె వేశాడు. దారినపోయే వాళ్లను ఆపి, తలగుడ్డ సర్దుకుని, కర్రతో చూపేవాడు. "ఆ ఊడుగ, ఆ పాపట, అన్నీ నేను లేపినవే అప్పా."

పట్టుపురుగుల కోసం పెంచే మల్బరీని ఏటా మొదలుకు కోస్తే గుబురుగా లేస్తుంది. జాలారీ అంతేననుకుని, కొలతలకు ముందు గుట్టంతా కొడవలితో కోసేశాడు. కంపెనీ మనిషి గిరీశ్ టేపుతో నిలబడిపోయాడు. "రొమ్మెత్తున మాను లావు కొలవల్ల తాతా. మాను యాడ ఉండాది?" "చిగురు చూడప్పా, ఎంత దట్టంగా ఉండాదో." "చిగురుకు దుడ్డు రాదు. ఇంగ కొలత అయిదేండ్లకే." "అందాకా నా గొర్రెలు రాళ్లు మేస్తాయా?" గిరీశ్ టేపు చుట్టుకున్నాడు. కంపెనీతో ఊరి ఒప్పందం ప్రకారం అందాకా కంచె తీయకూడదు. భార్య పిల్లమ్మ సంగటి మూటగట్టింది. మునెప్ప మేత కోసం మందను సరిహద్దు దాటించి ఆంధ్ర వైపు తోలాడు. పోతూ పోతూ కంచెలో కనిపించిన కంతను ముళ్లతో పూడ్చాడు. వానలు పడి కంచె బయట గడ్డి లేస్తే, అతను తిరిగి వచ్చేది జూన్ పదిహేను నాటికి.