మసి తుడిచిన చేయి

ఒక్క గుడ్డపేలికతో సూర్యుణ్ణి ఆర్పేసిన మనిషిని నేను. ఎలా ఆర్పానో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అప్పటికి నాకు అక్షరాలు వచ్చి ఆరు నెలలు. నలభై ఐదేళ్లకు నేర్చిన చదువు, ఊరుకుంటుందా? ఉప్పు ప్యాకెట్టు, బస్సు బోర్డు, కనిపించిందల్లా పైకి చదివేదాన్ని. మా ఆయన చెవుల్లో దూది పెట్టుకునేవాడు.

మా బిడ్డ సుజాత కరీంనగర్‌లో డిగ్రీ చదివేది. మర్నాడు కాలేజీలో ఎండతో కరెంటు పుట్టించి చూపాలి. అది నెగ్గితేనే హైదరాబాదులో పెద్ద పోటీకి పంపుతారు. సుల్తానాబాద్‌లో మా ఇంటికి ముందురోజే వచ్చి, ఒక వైపే కరెంటు పారే రెండు గాజుపలకలు తయారుచేసింది. ఒకదాని మీద తెల్లటి ముద్ద పూసి, కాల్చి, మా తమ్ముడు ఉట్నూర్ నుంచి తెచ్చిన మోదుగుపూల రసంలో నానబెట్టింది. రెండోదానికి దీపం మసి పట్టించింది. రెంటినీ జతచేసి నడుమ అయోడిన్ నీళ్లు చుక్క వేస్తే, ఎండలో మీటరు ముల్లు కదులుతుందట. పలకల పక్కన ఒక చీటీ పెట్టి, క్లిప్పులు కొనడానికి బజారుకు పోయింది.

"ఎవరూ ముట్టుకోవద్దు."

కూడబలుక్కుని చదివాను. తప్పు లేకుండా చదివాను! కానీ 'ఎవరూ' అంటే బయటివాళ్లనుకున్నాను. ఇల్లూడ్చేదాన్ని, గిన్నెలు తోమేదాన్ని, నన్నూ అందులో కలుపుతారని నాకు అక్షరాలు నేర్పిన పంతులమ్మ చెప్పలేదే! పైగా మసి పట్టిన గాజు. చిన్నప్పుడు రోజూ సాయంత్రం లాంతరు చిమ్నీ తుడిచిన చేయి ఇది. బూడిద వేసి గుడ్డపేలికతో తోమి, తళతళలాడించి, అందులో ముఖం కూడా చూసుకున్నాను.

సుజాత వచ్చింది.

"అవ్వా! మసి ఏది?"

"తుడిచిన బిడ్డా. ఎట్ల మెరుస్తుందో చూడు."

"తుడిచినవా? కరెంటు మళ్ల లోపలికి వచ్చేది గా మసి మీదికెల్లే! చీటీ చదువలే?"

"చదివిన! అక్షరం పొల్లు పోకుంట చదివిన!"

"చదివి గూడ తుడిచినవా?"

"మసి కరెంటిస్తదని నాకేం ఎరుక? గట్లయితే నా పొయ్యి కాడ ఎప్పుడో పవర్‌హౌస్ లేస్తుండె!"

మంచం మీద నుంచి మా ఆయన అందుకున్నాడు. "ఇంకో రెండు పుస్తకాలు చదివిపియ్యి బిడ్డా, ఇల్లే తుడిచిపెడ్తది."

"నువ్వు నోరు మూసుకో!" ఇద్దరం ఒక్కసారే అరిచాం. ఆ రోజు మేం ఏకమైన మాట అదొక్కటే.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు ఉన్న మసి పోయింది. సుజాత కళ్లలో నీళ్లు చూశాక కోపమంతా తిరిగి నా చేతి మీదికే వచ్చింది.

"ఏడ్వకు. గా గాజు ఇటియ్యి."

"మళ్ల తోముతవా?"

"ఇరవై ఏండ్లు కాటుక పట్టిన. మసి పట్టుడు నాకు నేర్పకు. ఏ దిక్కు పట్టాలె, గది చెప్పు."

మీటరు పెట్టి, కరెంటు పారే వైపేదో చూపించింది. పళ్లు కొరుకుతూ, ఆముదం దీపం మీద పలకను తిప్పుతూ, పలచగా, సమంగా పట్టించాను.

మర్నాడు మధ్యాహ్నం ఫోను. "అవ్వా, ముల్లు కదిలింది! పోటీకి తీసుకున్నరు. మసి గింత మంచిగ ఎవరు పట్టిన్రని మేడం అడిగింది. మా అవ్వ అని చెప్పిన."

"తుడిచింది ఎవరో గూడ చెప్పినవా?"

"గది అడుగలే."

ఆ రోజే పొయ్యి ముందు నిలబడి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో మళ్లీ ఏ మసినీ తుడవను. వారం తిరగకముందే మా ఆయన అన్నం గిన్నె ఎత్తి చూసి గర్జించాడు.

"ఏమే, గీ గిన్నె ఏంది బొగ్గు లెక్కున్నది? తోముతలేవా?"

గిన్నె మూత మీద నా చేత్తో రాసి అంటించిన చీటీ చూపించాను.

"ఎవరూ ముట్టుకోవద్దు. ముఖ్యంగా నేను."