యొర్దాను నీళ్ళు, దుబాయి కంప్యూటరు

మా చెల్లెలి చేతికి నాకంటే ముందు ఏది వచ్చినా ఆ పూట నాకు అన్నం సహించదు. చిన్నప్పుడు పలక, తర్వాత సైకిలు, ఆ తర్వాత మొగుడు. పెద్దదాన్ని నేనైనా పెళ్ళి దానికే ముందు కుదిరింది. ఇవన్నీ ఎట్లాగో మింగాను. దుబాయి నుంచి వచ్చిన కంప్యూటరు మాత్రం ఇప్పటికీ గొంతులోనే ఉంది.

ఇద్దరం నరసరావుపేటలోనే ఉంటాం, రెండు వీధుల తేడాతో. ఇద్దరిదీ ఒకటే పని, పెళ్ళి ఫొటోలను ఆల్బంగా కూర్చడం. స్టూడియోవాళ్ళు తీసిన ఫొటోలన్నీ డిస్కులో పెట్టి మా ఇళ్ళకు పంపిస్తారు. వాటిలో మంచివి ఏరి, పెళ్ళికూతురి మొహం మీద మచ్చలు తుడిచి, కళ్ళు మూసుకున్న మేనమామకు వేరే ఫొటోలోంచి కళ్ళు తెచ్చి పెట్టి, పేజీలు తయారుచేసి ఇస్తాం. ఈ పని ముందు నేర్చుకున్నది నేను. దానికి నేర్పిందీ నేనే. ఆ మాట వీలైనప్పుడల్లా నలుగురి ముందూ అంటూ ఉంటాను. అది కాదనదు. "అవును, అక్కే నేర్పింది" అంటుంది నవ్వుతూ. అంత తేలిగ్గా ఒప్పుకోవడం కూడా నాకు నచ్చదు.

మాకు పని పంపేది స్టేషను రోడ్డులో ఒక స్టూడియో అతను. ఎక్కువ భాగం నాకు, మిగిలింది దానికి పంపేవాడు. ఈమధ్య పెళ్ళి కుదిరిన ప్రతి జంటా కొండవీడు కోట ఎక్కి ఫొటోలు దిగుతోంది. కెమెరాలు పెద్దవయ్యాయి, ఫొటోలు బరువెక్కాయి. నా పాత సిస్టం ఆ బరువు మోయలేకపోయింది. కొండవీడు ఫొటో తెరిస్తే ముందు ఆకాశం వచ్చేది, తర్వాత బురుజు, ఆ తర్వాత పెళ్ళికొడుకు తల వచ్చి అక్కడ ఆగిపోయేది. నేను వంటింట్లోకి వెళ్ళి బెండకాయలు తరుక్కుని వచ్చేసరికి నడుము దాకా దిగేవాడు. చెల్లెలి సిస్టమూ అంతే. మా ఇద్దరికీ సమంగా ఉన్నది ఆ ఒక్క విషయంలోనే కాబట్టి నేను దాన్ని గురించి బాధపడలేదు.

ఒకరోజు స్టూడియో అతను వచ్చి కూర్చుని, ఇచ్చిన టీ చల్లారబెట్టుకుంటూ చెప్పాడు.

"అక్కా, మాఘంలో ముహూర్తాలు చానా ఉన్నయి. ఈ సిస్టంతో అయ్యే పని కాదు. మీ అక్కాచెల్లెళ్ళలో ఎవరింట్లో కొత్తది దిగితే సీజను పనంతా ఆ ఇంటికే. తర్వాత నన్ననుకుంటే లాభం లేదు."

గుంటూరు వెళ్ళి అడిగి వచ్చాను. మాకు కావలసిన రకం లాప్‌టాపు ధర విన్నాక చెరుకురసం తాగి బస్సెక్కేశాను. అదే దుబాయిలో కొంటే, తేడా డబ్బుతో పాడిగేదె వస్తుందని ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. తెచ్చిపెట్టే మనిషే కావాలి.

ఆ మనిషి మా పక్కింట్లోనే ఉంది. టీచరమ్మ. మా అక్కాచెల్లెళ్ళిద్దరికీ హైస్కూల్లో పాఠాలు చెప్పి, రిటైరై, ఇప్పుడు మా పక్కింట్లో ఒక్కతే ఉంటోంది. చర్చివాళ్ళతో కలిసి పరిశుద్ధ దేశ యాత్రకు బయల్దేరుతూ, పిట్టగోడ అవతల నిలబడి నాతో అంది.

"తిరిగొచ్చేటప్పుడు రెండ్రోజులు దుబాయిలో ఉంటామే. మా అక్క కొడుకు అక్కడే ఉన్నాడుగా. మనిషికి ఒక కంప్యూటరు పన్ను లేకుండా తెచ్చుకోనిస్తారంట. నాకెందుకు, నేనేం చేసుకుంటాను?"

ఆ మాట నాతో అన్నదంటే అది నాకోసమే అనుకున్నాను. నేను కాకపోతే ఇంకెవరు? మా రెండు గోడల మధ్య పిల్లి కూడా పట్టదు. గోంగూర పచ్చడి నూరితే ముందు గిన్నె వాళ్ళింటికే వెళ్తుంది. బీపీ బిళ్ళలు అయిపోతే తెచ్చేది నేను. గ్యాసు బండ మార్చేది నేను. ఇన్ని చేసినదాన్ని నోరు తెరిచి అడగాలా? అడగడం నాకు ముందునుంచీ చేతకాదు. అడిగి తీసుకున్నదాంట్లో ఏం గౌరవం ఉంటుందని నా అభిప్రాయం.

అందుకని సూచన ఇచ్చాను. చెక్కలు చేసి పట్టుకెళ్ళి, ఆవిడ పక్కన కూర్చుని, నా సిస్టం ఎట్లా సతాయిస్తోందో పెళ్ళికొడుకు తలతో సహా వివరించాను. "అయ్యో, రిపేరు చేయించుకోకూడదూ" అని, రెండో చెక్క విరుచుకుంటూ, అక్కడ చలిగా ఉంటుందట, నీ దగ్గర స్వెట్టరుందా అని అడిగింది. పరుగున వెళ్ళి నా ఊదారంగు స్వెట్టరు తెచ్చి ఇచ్చాను. స్వెట్టరు ఇచ్చాక ఇక కంప్యూటరు నాదే అనుకున్నాను.

నేను మరిచిపోయింది ఒకటుంది. స్కూల్లో ఆవిడకు ఒక నియమం ఉండేది. గొణిగితే వినిపించుకునేది కాదు. చెయ్యెత్తి, లేచి నిలబడి, అడగాలి. నేను మంచినీళ్ళకు వెళ్ళాలన్నా గొణిగేదాన్ని. నాకంటే ఒక క్లాసు కింద చదివే మా చెల్లెలు మాత్రం ప్రతి పీరియడులోనూ చెయ్యెత్తేదని ఊరంతా చెప్పుకునేవాళ్ళు.

ప్రయాణం రోజు టీచరమ్మ సంచి నేనే మోసుకొచ్చి ఆటోలో పెట్టాను. అప్పుడు మా చెల్లెలు స్కూటీ మీద వచ్చింది. దిగీ దిగకముందే హ్యాండ్‌బ్యాగులోంచి కవరు తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"టీచరమ్మా, దుబాయిలో మీవాడికి మోడలు పేరు ఫోన్లో పంపించాను. డబ్బులు ఇవిగో. జాగర్తగా తీసుకురండి, మీ ఒళ్ళో పెట్టుకుని రండి."

"సరేనే" అంది ఆవిడ, సంచి మీద చెయ్యి వేసుకుని. ఆటో వెళ్ళిపోయింది. మా చెల్లెలు నావైపు తిరిగి "అక్కా, టిఫిన్ తిన్నావా?" అని అడిగింది. తిన్నానని చెప్పాను, తినకపోయినా.

టీచరమ్మ రోజూ ఫొటోలు పంపేది. ఒలీవ చెట్ల కింద ఒకటి, రాతి మెట్ల మీద ఒకటి. అన్నిట్లోనూ నా స్వెట్టరు. ఆవిడ అక్కడ ఎన్నిచోట్ల మోకరించిందో గానీ, నేనిక్కడ కస్టమ్సువాళ్ళు ఆ కంప్యూటరు పట్టుకోవాలని మొక్కుకున్నాను, శుక్రవారం పూట దీపం పెట్టి మరీ. పట్టుకోకపోతే దారిలో పడి పగలాలని. పగలకపోతే కనీసం పనిచెయ్యకూడదని. తోడబుట్టినదాని బాగు చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నానని నాకు తెలుస్తూనే ఉంది. తెలిసినంత మాత్రాన మంట చల్లారదు.

వాళ్ళు హైదరాబాదులో విమానం దిగి రైలెక్కారు. గుంటూరు దాటామని ఫోను రాగానే మా చెల్లెలు స్టేషనుకు వెళ్ళింది. నేనూ వెళ్ళాను. స్వెట్టరు తెచ్చుకోవాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. టీచరమ్మ అన్నమాట ప్రకారం నల్ల సంచి ఒళ్ళో పెట్టుకునే వచ్చింది. రైలు దిగేటప్పుడు దాన్ని ముందు చెల్లెలి చేతికందించి, తర్వాత తను దిగింది.

మొక్కుల్లో కొంత ఫలించింది. ప్లగ్గుకు మూడు పలక కాళ్ళున్నాయి, మన సాకెట్లో దూరలేదు. మా చెల్లెలు ఫోను చేసి చెబితే "అయ్యో పాపం" అన్నాను, సంతోషం గొంతులోకి రాకుండా చూసుకుంటూ. సాయంత్రానికి కరెంటు సామాన్ల కొట్లో కన్వర్టరు దొరికింది, టీ ఖర్చుతో సరి. ఇంకొక ఆశ మిగిలింది. మీటల మీద ఇంగ్లీషు పక్కనే అరబ్బీ అక్షరాలున్నాయి. జనం నవ్వుతారనుకున్నాను. స్టూడియో అతను వచ్చి చూసి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి "అసలైన దుబాయి మాలు, చూడంగానే తెలుస్తుంది" అన్నాడట. ఈ సిస్టం ఉన్న ఇంటికే సీజను పని అని మాట కూడా ఇచ్చి వెళ్ళాడట. ఆ అరబ్బీ అక్షరాలే గుంటూరు సరుకు మీద ఉంటే లోపం అనేవాడు.

మర్నాడు టీచరమ్మ ఉతికి మడతపెట్టిన స్వెట్టరు తీసుకుని మా ఇంటికొచ్చింది. నాకు దాచుకోవడం చేతకాలేదు.

"నాకు తెస్తారేమోననుకున్నాను టీచరమ్మా" అన్నాను.

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఏంది తెచ్చేది?"

"ఆ కంప్యూటరు."

"మరి అడగలేదేమే? సిస్టం సతాయిస్తందన్నావు, రిపేరనుకున్నా. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నాకు కల వస్తదా?"

ఆవిడ స్వెట్టరు మడతలోంచి చిన్న గాజుసీసా తీసి నా అరచేతిలో పెట్టింది. బొటనవేలంత ఉంది. లోపల కొంచెం మబ్బుగా నీళ్ళు.

"యొర్దాను నీళ్ళు. ప్రభువు బాప్తిస్మం తీసుకున్న నదిలో దిగి నేనే పట్టా. రెండే తెచ్చా, ఒకటి చర్చికిచ్చా. ఇది నీకు."

పైకి కళ్ళకద్దుకున్నాను. లోపల మాత్రం, దానికి కంప్యూటరూ నాకు నీళ్ళూనా అనుకున్నాను. మా అత్తగారు సీసా అందుకుని దేవుడి గూట్లో కాశీ నుంచి తెచ్చిన గంగచెంబు పక్కన పెట్టింది. "నీళ్ళేగా, ఏ నదివైతే ఏంది" అంది.

ఆ ఆదివారం మా చెల్లెలు కంప్యూటరు చూపించడానికి వచ్చింది. ముందే రాలేదని ఒకందుకు కోపం, వచ్చిందని ఇంకొకందుకు కోపం. మంచం మీద పెట్టి తెరిచింది. కొండవీడు ఫొటో నొక్కింది. కోట, పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, వెనకాల గొడుగు పట్టుకున్నవాడు, అందరూ ఒక్కసారే వచ్చి నిలబడ్డారు. ఇంకోటి నొక్కింది. అదీ అంతే. "బాగుంది" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నేను పడ్డ కష్టం ఎవరికీ తెలియదు.

అది మంచినీళ్ళకని లేచి, దేవుడి గూడు దగ్గర ఆగింది.

"ఇదేందక్కా?"

"యొర్దాను నీళ్ళు. టీచరమ్మ ఇచ్చింది."

"నాకియ్యలేదే."

"నీకు కంప్యూటరే మోసుకొచ్చిందిగా."

అది సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. "దానికి డబ్బులిచ్చాను. తెమ్మంటే తెచ్చింది. నువ్వు అడగను కూడా లేదు, నీకు తెచ్చింది. క్లాసులో ఎప్పుడూ నేనేగా చెయ్యెత్తేది. ఎత్తకపోతే ఆమె నా వంక చూస్తదని నమ్మకం లేకే ఎత్తేదాన్ని."

దాని మొహంలో ఉన్నదేమిటో నేను వెంటనే గుర్తుపట్టాను. నా మొహమే అది. ఇన్నేళ్ళలో మా చెల్లెలు నన్ను చూసి కుళ్ళుకోవడం అదే మొదటిసారి. నాకు ఒంట్లోకి కొత్తగా రక్తం ఎక్కినట్టయింది. ఆ జోరులో నవ్వుతూ అనేశాను.

"అంత కావాలంటే మార్చుకుందామా? నీళ్ళు నువ్వు తీసుకో, కంప్యూటరు నాకియ్యి."

అదీ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. సీసాను చూసింది, మంచం మీద కంప్యూటరును చూసింది. సీసా గుప్పిట్లో పట్టుకునే వెళ్ళి మూత వేసి, ఛార్జరు చుట్టి, కన్వర్టరు కూడా పైన పెట్టి, నావైపు జరిపింది.

"తీసుకో" అంది.

మాఘమాసపు పెళ్ళిళ్ళన్నీ ఆ నల్ల మూత కింద ఉన్నాయి. స్టూడియో అతని మాట ఉంది. మా అమ్మాయి కాలేజీ ఫీజు ఉంది. చెయ్యి చాపాను. నా చెయ్యి కంప్యూటరు మీదికి వెళ్ళలేదు. చెల్లెలి వేళ్ళు విప్పి సీసా వెనక్కి తీసుకుంది.

"ఊరికే అన్నానే" అన్నాను.

అది కంప్యూటరు సంచిలో సర్దుకుని వెళ్ళిపోయింది. సీజను పనంతా దానింటికే వెళ్ళింది. నేను సీసాను మళ్ళీ గూట్లో పెట్టకుండా బీరువాలో దాచి తాళం వేశాను, మళ్ళీ వచ్చినప్పుడు దాని కంట పడకుండా. తర్వాత నా పాత సిస్టం ముందు కూర్చుని, చేతిలో మిగిలిన పాత ఆల్బం తెరిచి, పెళ్ళికొడుకు కిందికి దిగేదాకా ఎదురుచూశాను.