గరాటులో పోయని నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ ఎప్పుడు చూసినా అలసిపోయే ఉండేవాళ్లు. మా అమ్మ బేతంచెర్ల దగ్గర గనిలో నాపరాళ్లు మోసి వచ్చి గడప మీదే కూలబడేది. మా నాయన ఊరి బయట సబ్‌స్టేషన్లో ఆపరేటరు. తోటి ఆపరేటరు జబ్బుపడి సెలవు పెట్టడంతో ఆ ఎండాకాలమంతా ఇద్దరి డ్యూటీ ఆయన ఒక్కడే చేశాడు. కంచం ముందు కూర్చుంటే ముద్ద నోటికి పోయేలోపే కళ్లు మూతలు పడేవి. నాకప్పుడు పదేళ్లు. నీళ్లు మోయడం నా పని.

ఆ ఏడు వానల్లేవు. పాత గని గుంతల్లో పశువుల కోసం నిలిచే నీళ్లు కూడా ఎండిపోయి అడుగున తెల్లటి పొరలు లేచాయి. ఊరికంతా ఒకటే బోరింగు. పొద్దున్నే బిందె వరుసలో పెట్టి వస్తే మధ్యాహ్నానికి వంతు వచ్చేది. ఇరవై సార్లు కొడితే ఒక చెంబు పడేది. బిందె నిండేసరికి నా రెండు రెక్కలూ నావి కానట్టు ఉండేవి. అయినా దాన్ని చంకన పెట్టుకుని నడవాల్సిందే కదా.

ఆ రోజుల్లోనే సబ్‌స్టేషన్‌కు కొత్త పెట్టెలు వచ్చాయి. చుట్టుపక్కల రాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీలు పెరిగి, పాత స్విచ్చులు ఆ బరువు మోయలేక చీటికీమాటికీ మాడిపోతుంటే, లారీలో మూడు పెద్ద ఇనుప బీరువాల్లాంటివి తెచ్చి దించారు. వేల వోల్టుల కరెంటును తెరిచి మూసే బ్రేకర్లు వాటిలో ఉంటాయి. వాటిని బిగించడానికి కడప నుంచి ఒక ముసలి మేస్త్రి వచ్చాడు. ఊళ్లోవాళ్లు సాయిబు మేస్త్రి అనేవారు, నేను తాతా అనేదాన్ని. ఆయనకు మోకాళ్ల నొప్పులు. పనిముట్ల పెట్టె మీద కూర్చుని, లేవాల్సి వచ్చినప్పుడల్లా "యా అల్లా" అంటూ లేచేవాడు. ఇదే ఆఖరి పని, ఇది కాగానే ఇంటిపట్టున ఉంటానని మా నాయనతో రోజూ చెప్పేవాడు.

చెప్పడానికి అలా చెప్పేవాడు గానీ పనిలో మాత్రం ఎవరినీ కుదురుగా కూర్చోనిచ్చేవాడు కాదు. పెట్టెలకు కొత్తగా వేసిన రంగు నిగనిగలాడుతుంటే, నేలలోకి పోయే ఇనుప పట్టీ బిగించే చోట ఆ రంగంతా గీకేయించాడు. పాపం కొత్త రంగు కదా అని మా నాయన అంటే, "రంగు మీద బోల్టు బిగిస్తే రంగుకే బిగించినట్టప్పా, పెట్టెకు కాదు" అన్నాడు. ప్రతి పెట్టెకూ రెండు వైపుల నుంచి రెండు పట్టీలు. ఒకటి తెగినా ఇంకొకటి ఉండాలట. ఆ పట్టీలన్నీ పోయి రెండు గుంతల్లో కలుస్తాయి. మా నేల రాతి నేల. నిలువెత్తుకు మించిన ఆ రెండు గుంతలు తవ్వడానికి నలుగురు కూలీలకు వారం పట్టింది. ఒక్కో గుంతలో ఒక పొడుగాటి ఇనుప పైపు నిలబెట్టి, చుట్టూ ఒక వరుస బొగ్గులు, ఒక వరుస ఉప్పు వేసి పూడ్చారు. మూటలకొద్దీ ఉప్పు మట్టిపాలు చేస్తున్నారని ఊళ్లో అందరూ నవ్వుకున్నారు. పైపు మూతి దగ్గర ఒక గరాటు మాత్రం పైకి కనిపించేది.

ఆ గరాటులో రోజూ నీళ్లు పోయాలి. ఎండిన రాతి నేల కరెంటును లోపలికి తీసుకోదు, నేల బాగా తడిసి మెత్తబడితేనే తీసుకుంటుంది. కూలీలు వెళ్లిపోయారు, మా నాయన డ్యూటీ వదిలి కదలలేడు, మేస్త్రికి మోకాళ్లు లేవు. పదిహేను రోజుల పాటు ఒక్కో గరాటులో ఒక్కో బిందె పోయమని ఆ పని నాకు అప్పజెప్పారు. మా ఇంటికి తెచ్చే నీళ్లు కాక ఇవి అదనం.

మొదటి వారం ఒళ్లు దాచుకోకుండా పోశాను. బోరింగు దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మూతి తిప్పేవాళ్లు. తాగడానికి లేక మనుషులు అల్లాడుతుంటే ఇది పోయి నీళ్లు మట్టిలో పోస్తుందని నా ముఖం మీదే అన్నారు. ఆ మాటలు బిందె కంటే బరువుగా ఉండేవి.

మా పక్కింటి అక్కకు అప్పటికి కాన్పయి నెల కాలేదు. మొగుడు లారీ మీద పోయి పదిరోజులైంది, అత్తకు చూపు సరిగా ఆనదు. ఒకరోజు నేను బిందెతో పోతుంటే పసిపిల్ల ఏడుపు వినిపించి లోపలికి తొంగి చూశాను. బిడ్డ ఒళ్లంతా చెమటకాయలు పేలి ఎర్రగా ఉంది. అక్క నన్నేమీ అడగలేదు, నా చంకలోని బిందె వైపు చూసి తల తిప్పుకుంది. నేను బిందె దించేసి వచ్చేశాను. ఆ రోజు చాలా మంచిపని చేశాననిపించింది.

మరునాడు కూడా ఇచ్చాను. దాన్ని దయ అని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, ఈ వయసులో నాకు నేనే అబద్ధం చెప్పుకోవడం దేనికి? అక్క ఇల్లు పది అడుగుల దూరం. సబ్‌స్టేషన్ ఊరి బయట, చెట్టూ చేమా లేని దారిలో, అరికాళ్లు బొబ్బలెక్కే ఎండలో. బిడ్డకు నీళ్లివ్వడం ఎంత నిజమో, అంత దూరం నడవలేక ఇవ్వడమూ అంతే నిజం. రెండో బిందె మోయడం అసలే మానేశాను. అలా ఆరు రోజులు. సాయంత్రం మా నాయనకు సద్ది పట్టుకెళ్లేటప్పుడు ఒక చెంబుడు నీళ్లు తీసుకెళ్లి, రెండు గరాటుల చుట్టూ మట్టి మీద చిలకరించి వచ్చేదాన్ని. చూస్తే తడిగానే కనిపించేది. పైపైన తడపడం ఎంత సులువో అప్పుడే నేర్చుకున్నాను.

పద్నాలుగో రోజు పొద్దున నేను మా నాయనకు రొట్టె పట్టుకుని పోయేసరికి సాయిబు తాత గుంతల దగ్గర ఇనుప మేకులు దిగ్గొట్టి, వాటికి తీగలు కట్టి, పిడి తిప్పే మిషన్ ఒకటి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నేల కరెంటును ఎంత బాగా తీసుకుంటే ఆ మిషన్లోని ముల్లు అంత కిందికి దిగుతుంది. ఆయన పిడి తిప్పాడు, ముల్లు చూశాడు, మళ్లీ తిప్పాడు. తీగలన్నీ ఊడదీసి మళ్లీ కట్టి మూడోసారి తిప్పాడు. తర్వాత ఒక సన్నటి ఊచ తెచ్చి గరాటు పక్కన మట్టిలో గుచ్చి పైకి లాగాడు. నాలుగు వేళ్ల మేర తడి. ఆ కింద అంతా పొడి దుమ్ము.

అప్పుడు నా వైపు చూశాడు. "ఎన్ని దినాలాయ పాపా, పోసి?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు, అందుకే నాకు ఏడుపు ఆగలేదు. అక్క సంగతి, బిడ్డ సంగతి, దారిలో ఎండ సంగతి, చెంబు సంగతి అన్నీ చెప్పేశాను. ఆయన అంతా విన్నాడు. మోకాలు రుద్దుకుంటూ లేచి నన్ను పెట్టెల దగ్గరికి తీసుకుపోయి, మధ్య పెట్టె తలుపుకున్న పిడిని చూపించాడు. అప్పటికింకా కరెంటు ఇవ్వలేదు.

"ఎల్లుండి ఈడ చెయ్యి పెట్టేది ఎవరు?"

"మా నాయన."

"లోపల ఏదన్నా తేడా వచ్చి కరెంటు ఈ ఇనుముకు తగిలిందనుకో, దానికి పోనీకి దారి కావాల. మనం చేసిన దారి బాగుంటే అట్ల నేలలోకి పోతాది. అది ఎండిపోయి ఉంటే, మీ నాయన చెయ్యి పట్టుకోని మీ నాయన కాళ్లలోంచి పోతాది. దానికి మనిషి, మట్టి అని తెల్దు."

నేను ఆ పిడిని చూస్తూ నిలబడ్డాను. ఆరు రోజుల పాటు చెంబుతో నేను చిలకరించింది ఎవరి మీదో అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

ఆయన నన్ను ఓదార్చలేదు. "అలిసిపోవడం తప్పు కాదమ్మా. నేనూ అలిసిపోయినా, మీ నాయనా అలిసిపోయినాడు. పోయలేదు తాతా అని ఒక్క మాట చెప్పింటే ఇంకో దారి సూసుకుందుము గదా. పైన తడిపితివే, అది తప్పు" అన్నాడు. పని చూసుకునే ఇంజనీరుకు తాను చెబుతానని, మా నాయనకు మాత్రం నేనే చెప్పాలని అన్నాడు. "పిడి మీద చెయ్యి పెట్టేవాడికి తెలియాల. నువ్వు చెప్పందే నేను ఆ పెట్టె జోలికి పోను."

ఇంజనీరు జీపు పదింటికే వచ్చింది. వారం ఆగాలని మేస్త్రి చెప్పగానే ఆయన మండిపడ్డాడు. ఫ్యాక్టరీలవాళ్లు తన ప్రాణం తీస్తున్నారని, ముసలివాళ్లకు పని ఇస్తే ఇంతేనని, అందరి ముందూ నోటికొచ్చినట్టు అన్నాడు. సాయిబు తాత తల వంచుకుని, "నాదే తప్పు సార్, ఊచ గుచ్చి రోజూ సూసుకోవాల్సింది నేను" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. జీపు వెళ్లిపోయాక స్తంభం వెనక నక్కిన నన్ను చూసి, "అయిపాయ. తిట్లంటే ఇంతే. బీడీ కాలినంత సేపు" అని పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు. జేబులోంచి బీడీ తీశాడు గానీ, వెలిగించకుండానే మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

మా నాయన మధ్యాహ్నం దాకా రొట్టె ముట్టలేదు. తినడానికి కూర్చున్నప్పుడు నేను ఎదురుగా నిలబడి చెప్పాను. ఎంత చిన్నగా చెప్పానంటే రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన రొట్టె పక్కన పెట్టి గుంత దగ్గరికి పోయి, గరాటు పక్కన మట్టిలో వేలు గుచ్చి చూశాడు. కొడతాడనుకున్నాను. వెనక్కి వచ్చి నా పక్కనే నేల మీద కూర్చున్నాడు. "నేనూ దినామూ ఈ దారినే పోతాండా. పైన తడి సూసి సరేలే అనుకుంటి. ఒక్కసారి వంగి వేలు పెట్టింటే తెలిసేది. వంగబుద్ధి కాలేదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లలో కనిపించిన అలసట, నేను ఇప్పుడు అద్దంలో చూసుకుంటున్న అలసట, రెండూ ఒకటే.

సాయంత్రం సాయిబు తాత మోకాళ్లు పట్టుకుంటూ మా వీధికి వచ్చాడు. అక్క ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, బిడ్డకు స్నానం చేయించిన నీళ్లు ఏం చేస్తున్నారని అడిగాడు. ఏం చేస్తాం, పారబోస్తాం అంది అక్క. ఆయన తల కొట్టుకున్నాడు. "నేలకు తాగే నీళ్లే కావాలని నేను చెప్పలేదే! సబ్బు నీళ్లయినా సరే, బియ్యం కడిగిన నీళ్లయినా సరే, అది తాగుతాది. నా బుద్ధికీ ఆ మాట రాలేదు సూడు" అన్నాడు. మరునాటి నుంచి అక్క బిడ్డ స్నానం నీళ్లు, మా ఇంట్లో అంట్లు తోమిన నీళ్లు, ఇంకో మూడు నాలుగు ఇళ్ల నీళ్లు రెండు డబ్బాల్లో పట్టి, డ్యూటీ లేని గంటలో మా నాయనే కావడితో మోశాడు. నేను పక్కనే చెంబు పట్టుకుని నడిచి గరాటులో పోశాను. కరెంటాఫీసుకు పురుడు పోస్తున్నారా అని బోరింగు దగ్గర ఆడవాళ్లు వేళాకోళం చేశారు గానీ, ఆ తర్వాత ఎవరూ నన్ను చూసి మూతి తిప్పలేదు.

వారం తర్వాత తాత మళ్లీ మిషన్ పిడి తిప్పాడు. ముల్లు కిందికి దిగి నిలిచింది. నన్ను పిలిచి చూపించి, మా నాయనను పిలిచి చూపించి, అప్పుడు గానీ కరెంటు ఇవ్వనివ్వలేదు. అందరినీ కంచె బయటికి పంపించారు. మా నాయన చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, రబ్బరు పట్టా మీద నిలబడి పిడి తిప్పాడు. ధడేలుమని ఒక చప్పుడు, అంతే. దూరంగా ఫ్యాక్టరీలో రాళ్లు కోసే మిషన్లు మొదలయ్యాయి. సాయిబు తాత ఆ సాయంత్రమే బస్సెక్కి కడపకు వెళ్లిపోయాడు. మళ్లీ నేనాయనను చూడలేదు.

తొలకరి జల్లులు పడ్డ వారంలో ఒక బల్లి ఎలా దూరిందో ఆ మధ్య పెట్టెలోకి దూరింది. లోపల ఫెళ్లుమని పేలి కరెంటు పెట్టె ఇనుముకు తగిలింది. అప్పుడు మా నాయన చెయ్యి ఆ తలుపు మీదే ఉంది. కరెంటు నేలలోకి పోయింది, బ్రేకరు తనంతట తానే పడిపోయి సరఫరా ఆపేసింది. మా నాయన నడుచుకుంటూ ఇంటికి వచ్చి, చెవులు గుయ్యిమంటున్నాయని చెప్పి, నీళ్లు తాగి, నా తల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. మా అమ్మకు ఏమీ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

పెద్దయ్యాక నేను నర్సునయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా వార్డుల్లో తిరుగుతున్నాను. డ్యూటీ చివరి గంటలో కాళ్లు పీకుతుంటే, ఆఖరి మంచం దాకా పోకుండానే పోయినట్టు రాసేసి ఇంటికి వెళ్లిపోవాలని ఎన్నిసార్లు అనిపించిందో లెక్కలేదు. అలాంటప్పుడు తర్వాతి డ్యూటీకి వచ్చిన అమ్మాయికి ఎదురుపోయి, "ఆ మంచం దగ్గరికి నేను పోలేదమ్మా, నువ్వు చూడు" అని చెబుతాను. కొందరు విసుక్కున్నారు, ఒకరిద్దరు పెద్దవాళ్లు నలుగురిలో అరిచారు. ఆ మాట చెప్పడం వయసుతో సులువవుతుందనుకున్నాను. ఎప్పుడూ కాలేదు. ఇవాళ్టికీ ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగుతుంది, ఇవాళ్టికీ దాన్ని బయటికి నెట్టి చెబుతూనే ఉన్నాను.